చెవిలో చెప్పే కంప్యూటర్

బెజవాడ గవర్నర్‌పేటలో బస్టాండు వైపు వెళ్ళే దారిలో, చెప్పుల కొట్టుకీ చెరకు రసం బండికీ మధ్య ఆ ఏడు ఒక కంప్యూటర్ వెలిసింది. వెలిసింది అనే అనాలి. కొంతమంది దాని ముందుకు చెప్పులు విడిచి మరీ వెళ్ళేవారు. మనిషెత్తు రేకు బొమ్మ అది. కళ్ళలో ఎర్ర బల్బులు, పొట్ట మీద గిరగిరా తిరిగే రంగు దీపాలు, నడుము దగ్గర నుంచి వేలాడే వైర్లు, వాటి చివర చెవులకు తగిలించుకునే డిప్పలు. నెత్తిన బోర్డు మీద 'కంప్యూటర్ జోస్యం, ఉన్నది ఉన్నట్టు చెప్పును' అని రాసి ఉంది. పక్కన మడత కుర్చీలో దుర్గాప్రసాద్ అనే అతను కూర్చుని చిల్లర తీసుకునేవాడు, డిప్పలు చేతికిచ్చేవాడు, బొమ్మ వెనక్కి పోయి ఏదో నొక్కి వచ్చేవాడు.

అప్పటికింకా జేబుల్లోకి ఫోన్లు రాలేదు. ఊరికొక ఎస్.టి.డి. బూత్ వస్తేనే కాలం ఎంత మారిపోయిందో అనుకునే రోజులు.

అంకాలమ్మది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లె. పొద్దున్నే ప్యాసింజర్ బండిలో ఎండు చేపల మూటలతో బెజవాడ వచ్చి, సరుకు కొట్టుకి వేసి, సాయంత్రం బస్సులో తిరిగిపోయేది. ఆమె మొగుడు కోటి వేటకు పోయి రాలేదు. ఏడాది దాటింది.

తెరచాప పడవల కాలంలో ఒడ్డు కనబడేంత దూరంలోనే వేట సాగేది. ఇంజన్లు వచ్చాక మగవాళ్ళు ఒడ్డు మరిచారు. చేప దొరికిన మాట నిజం. ఇళ్ళకు పెంకులు వచ్చిన మాటా నిజం. "ఇంక గాలి దయ మనకక్కర్లా. తాడు లాగితే పోవటం, మళ్ళా లాగితే రావటం" అనేవాడు కోటి, పడవకు బిగించిన ఇంజనును పెంపుడు దూడలా నిమురుతూ. వాయుగుండం పట్టిందని రేడియో చెప్పేటప్పటికి వాళ్ళ పడవ ఆ చెప్పేది వినబడనంత దూరంలో ఉంది. పడవలో తోడు వెళ్ళిన ఇద్దరి శవాలు తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కోటి మాత్రం రాలేదు. ఏదో ఓడ వాళ్ళు ఎక్కించుకున్నారని ఒకరు, ఒరిస్సా వైపు తేలాడని ఒకరు చెప్పారు. కొన్నాళ్ళకు ఆ మాటలు కూడా ఆగిపోయాయి.

శవం దొరకని మనిషికి వాళ్ళలో ఒక పద్ధతుంది. ఒడ్డున వరిగడ్డితో మనిషి బొమ్మ కట్టి, దానికే నిప్పు పెట్టి, దానికే కర్మ చేస్తారు. అయితే భార్య తన నోటితో సరేనంటేనే గడ్డికి చెయ్యి వేస్తారు. ఆ మాట వచ్చేదాకా ఆ ఇంట్లో చావు లేదు, చావు తేలందే పెళ్ళీ లేదు. కోటి అన్న పేరయ్య కూతురు హేమకు నాగాయలంక సంబంధం కుదిరింది. అది అంకాలమ్మ నోటి మాట దగ్గర ఆగిపోయింది.

ఆమెను ఎవరూ తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూడగానే పక్కకు జరిగి, "నువ్వు పట్టుకో అంకాలూ, ముందు నువ్వు పట్టుకో" అనేవారు. ఆమె బిందె త్వరగా నిండితే త్వరగా వెళ్ళిపోతుంది, ఆగిన కబుర్లు మళ్ళీ మొదలవుతాయి. పేరంటాల్లో పసుపు గిన్నె ఆమె దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం గాల్లో నిలిచేది. రాయాలా, దాటిపోవాలా? ఎవరికీ తెలిసేది కాదు. తెలియక గబగబా రాసి, మొహం చూడకుండా ముందుకు పోయేవారు. ఆమెతో ఏం మాట్లాడినా ఏదో ఒకటి ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని మాటలే తగ్గించుకున్నారు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి చేరేసరికి, పొద్దుట్నుంచీ తను పలికినవన్నీ చేపల పేర్లేనని ఆమెకు తెలిసొచ్చేది.

అలాంటి ఒక రోజున ఆమె ఆ రేకు బొమ్మ ముందు నిలబడి డిప్పలు చెవులకు పెట్టుకుంది.

ముందు గరగరమంది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, చాలా దగ్గరగా, తల నిమురుతున్నట్టు పలికింది.

"అమ్మా! నీ మనసు వెన్న. అందరికీ పెడతావు, నీకంటూ ఏదీ దాచుకోవు. నీ మంచితనం నీవాళ్ళకే తెలియలేదు. నువ్వు పైకి నవ్వుతావు, లోపల ఏడుస్తావు. ఆ సంగతి నాకు తెలుసు. దిగులు పడకు. నీ పసుపు కుంకుమలు చల్లగా ఉంటాయి. దూరమైనవారు దగ్గరవుతారు. తూర్పు దిక్కు నుంచి నీకొక మంచి కబురు వస్తుంది. నీ బిడ్డ వృద్ధిలోకి వస్తుంది..."

రోడ్డు మీద బస్సులు పోతూనే ఉన్నాయి. అంకాలమ్మకు ఒక్క హారన్ కూడా వినబడలేదు. తూర్పున ఉన్నది సముద్రమే కదా! బిడ్డలు లేరు గానీ, హేమను ఎత్తుకు పెంచింది తనే, హేమ గురించే చెప్పి ఉంటుంది. లోపల ఏడుస్తావు, ఆ సంగతి నాకు తెలుసు, అంది. ఏడాదిలో ఆ ముక్క అన్నవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం తోడికోడలు నాగమల్లేశ్వరి వాకిట్లో చేపలు తోముతూ మళ్ళీ ఆ మాటే ఎత్తింది.

"ఏమ్మే అంకాలూ, నాగాయలంకోళ్ళు మళ్ళా కబురంపారు. ఆషాఢం వచ్చిందంటే ఇంక మాట్లాడుకోటానికీ ఉండదు. ఏం చెప్పమంటావ్?"

"ఆయన వత్తాడంట అక్కా."

నాగమల్లేశ్వరి చేతిలో చేప జారింది. "ఎవరన్నారే?"

"బెజవాడలో కంప్యూటర్ చెప్పింది."

"ఎవరాయన?"

"మనిషి కాదక్కా. మిషను. చెవిలో చెప్పుద్ది."

మంచం మీద పడుకున్న పేరయ్య లేచి కూర్చున్నాడు. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. గోడకేసి చూస్తూ పెళ్ళాంతో అన్నాడు. "ఒక మిషను ఆణ్ణి తీసుకుపోయింది. ఇంకో మిషను తెచ్చిద్దా? అడగవే దాన్ని."

గుమ్మంలో జడ అల్లుకుంటున్న హేమ మధ్యలోకి వచ్చింది. ఆ ఇంట్లో పదో తరగతి దాకా చదివింది ఆ పిల్లే. "కంప్యూటరంటే ఊరికే కాదు నాన్నా. మా సారు చెప్పారు. బెజవాడ స్టేషన్లో రైలు టిక్కెట్లు కూడా అదే ఇస్తందంట. మనుషులు తప్పులు చేత్తారు గానీ అది చెయ్యదంట."

"నీ పెళ్ళి సంగతే ఇది, తెలుసా?" అంది తల్లి.

"తెలుసు. అయితే మాత్రం? బాబాయి బతికుంటే తగలబెట్టమంటావా?"

కాసేపటికి, చీకట్లో, "ఏ దిక్కు నుంచి అందంటే?" అని పేరయ్య మెల్లగా అడిగాడు భార్యను. తూర్పు అని చెబితే మళ్ళీ పడుకున్నాడు గానీ, మర్నాడు నాగాయలంకకు ఇంకొన్నాళ్ళు ఆగమని కబురు పంపాడు.

అంకాలమ్మ బెజవాడ వెళ్ళినప్పుడల్లా డిప్పలు పెట్టుకునేది. ప్రతిసారీ ఆ గొంతు ఒకటే చెప్పేది. మార్చి చెప్పకపోవడమే ఆమెకు నమ్మకమైంది. మాట మీద నిలబడే మనిషిలా తోచింది. నాలుగు ముక్కలు అయిపోయాక డిప్పలు వెంటనే తీసేది కాదు, చెవుల మీద రెండు చేతులూ ఆనించి నిలబడేది. దుర్గాప్రసాద్ గొంతు సవరించుకుంటే అప్పుడు ఇచ్చేసేది.

"ఇంకో పదేళ్ళు పోనివ్వండమ్మా, డాక్టర్లుండరు, పంతుళ్ళుండరు, ప్లీడర్లుండరు. అన్నీ ఇయ్యే చెబుతాయి" అనేవాడు అతను, అందరితో అనే మాటే. అతను ఎవరి మొహమూ చూసేవాడు కాదు. వచ్చినవాళ్ళ నుదురు చూసేవాడు, చేతులు చూసేవాడు, చిల్లర లెక్క చూసుకుని బొమ్మ వెనక్కి పోయేవాడు.

ఆషాఢం దగ్గర పడింది. నాగాయలంక వాళ్ళు ఇంకో పిల్లను చూస్తున్నారని ఊళ్ళో అనుకున్నారు. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాటా అడగలేదు. నాగమల్లేశ్వరి అన్నం పెట్టి వెళ్ళిపోయేది. హేమ మాత్రం వచ్చి కూర్చునేది, కూర్చుని గోళ్ళు కొరుక్కునేది. "నువ్వేం బాధపడమాక పిన్నీ" అనేది. ఆ పిల్ల కళ్ళ కింద నలుపు చూస్తే అంకాలమ్మకు ముద్ద దిగేది కాదు.

ఆ వారంలోనే ఒక పొద్దున ప్యాసింజర్ బండిలో జనం తొక్కిడికి ఆమె చెయ్యి చేపల మూటకీ తలుపు ఇనుముకీ మధ్య పడి గాజులు చిట్లిపోయాయి. ముంజేయి గీసుకుపోయింది. పక్కనున్న ముసలమ్మ "అయ్యో, అపశకునం" అనబోయి నోరు మూసుకుంది. మిగిలిన రెండు గాజులు కూడా చిట్లుతాయేమోనన్న భయంతో అంకాలమ్మ వాటిని తీసి కొంగున ముడేసుకుంది. సరుకు దింపగానే గాజుల కొట్టుకు పరిగెత్తింది. కొట్టు తలుపులు వేసి ఉన్నాయి, అన్నానికి వెళ్ళాడన్నారు. ఇంతలో వాన పడింది. తొలకరి వాన, మురుక్కాలవలూ రోడ్డూ ఏకం చేసేంత వాన. బొట్టు పోతుందన్న ధ్యాస లేకుండా మొహం మీద నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, అదే కొంగు తలనిండా కప్పుకుంటూ ఆమె నేరుగా బొమ్మ దగ్గరికి పోయింది. గాజులు చిట్లితే ఏమవుతుందో దాన్నే అడగాలి. వేరే ఎవరిని అడుగుతుంది?

వానకు టార్పాలిన్ కింద జనం కిక్కిరిసి ఉన్నారు. దుర్గాప్రసాద్‌కు చేతులాడటం లేదు. ముందుకు చాచిన బోసి చేతిని చూశాడు, కొంగు కింద బోసి నుదురు చూశాడు. డిప్పలిచ్చి వెనక్కి పోయాడు.

అదే గొంతు. అదే దగ్గరితనం.

"అమ్మా! నీ నుదుట రాసేటప్పుడు దేవుడు కాస్త కఠినంగా రాశాడు. నీ తోడు నిన్ను విడిచి వెళ్ళిపోయాడు. ఏడవకు. ఆయన ఆత్మ శాంతిగా ఉంది. పైనుంచి నిన్నే చూస్తున్నాడు. నీ మనసు వెన్న. లోపల ఏడుస్తావు, ఆ సంగతి నాకు తెలుసు..."

అంకాలమ్మ డిప్పలు తియ్యలేదు. ఉన్నచోటే కూలబడింది. వైరు లాగుకుపోయి బొమ్మ ఒక పక్కకు ఒరిగింది. జనం 'షాక్ కొట్టింది, షాక్ కొట్టింది' అని దూరంగా జరిగారు. దుర్గాప్రసాద్ పరిగెత్తుకొచ్చి, చెరకు రసం బండి దగ్గర నుంచి నీళ్ళు తెచ్చి మొహాన చల్లాడు.

"ఎప్పుడు తెలిసింది బాబూ దానికి?" అంది ఆమె.

"దేనికమ్మా?"

"కంప్యూటర్‌కి. పోయిన వారం కూడా వత్తాడనే అంది. ఈలోపల తెలిసిందా? శవం దొరికిందా?"

అప్పుడు అతను ఆమె మొహం చూశాడు. తర్వాత తడిసిన కొంగు ముడిలోంచి కనబడుతున్న గాజులు చూశాడు.

వాన తెరిపిచ్చి జనం పలచబడేదాకా అతను ఇంకెవరికీ డిప్పలివ్వలేదు. ఆ తర్వాత ఆమెను బొమ్మ వెనక్కి తీసుకెళ్ళి రేకు తలుపు తీశాడు. లోపల బ్యాటరీ ఉంది, పాత టేప్ రికార్డర్ ఉంది, కింద ఒక బిస్కెట్ డబ్బాలో క్యాసెట్లున్నాయి.

"ఇది మగాళ్ళకమ్మా. ఇది చదువుకునే పిల్లలకి. ఇది ముత్తైదువులకి. ఇదేమో..." ఆగిపోయాడు.

"మరి కంప్యూటరో?"

"బోర్డు మీద ఉందండి."

ఆమె ఆ డబ్బా వైపు చాలాసేపు చూసింది. "మాట్టాడే అమ్మాయెవరు?"

"ఏమోనమ్మా. మద్రాసులో కొనుక్కొచ్చాను. ఎవరో ఏమిటో నాకూ తెలీదు."

బతికున్నాడని ఇన్నాళ్ళూ అది చెప్పబట్టి ఆమె గాజులు తీయలేదు. గాజులు ఉండబట్టి అది బతికున్నాడని చెప్పింది. ఇన్నాళ్ళూ చెవులు ఒత్తి పట్టుకుని విన్నది తన చేతి గాజుల చప్పుడే. అంత తియ్యటి గొంతు ఎక్కడో కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా, ఎవరికోసమూ కాకుండా పలికింది. ఆమెకు కోపం రాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఎదురుపడగానే నుదురు చూసి మాట వెతుక్కునే ఆడవాళ్ళు.

దుర్గాప్రసాద్ చేతులు నలుపుకుంటున్నాడు. "తప్పైందమ్మా. నాకూ పెళ్ళాం బిడ్డలున్నారు. మీకు ఏది కావాలంటే అది పెడతా. ఊరికే వినండి. ముత్తైదువులది పెట్టనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "అది వద్దు. నువ్వు చెప్పు బాబూ."

"నేనా?"

"మొగుడు వేటకి పోయి ఏడాది దాటింది. తోడు పోయినోళ్ళు శవాలై వచ్చారు. ఈయన రాలా. వత్తాడా, రాడా? నువ్వు చెప్పు."

పొద్దుట్నుంచి రాత్రిదాకా జోస్యం అమ్ముకునే మనిషికి ఒక్క మాట దొరకలేదు. చెరకు రసం మిషను గంట గణగణ మోగుతోంది.

"నాకు తెలీదమ్మా" అన్నాడు చివరికి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఓడలు చెప్పినవాళ్ళూ, ఒరిస్సా చెప్పినవాళ్ళూ, ఈ రేకు బొమ్మా, అందరూ ఏదో ఒకటి తెలిసినట్టే చెప్పారు. తెలీదన్నవాడు ఇతనొక్కడే. అంకాలమ్మ లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు పిండుకుంది. తెలీదన్నదే నిజమైతే, ఎదురుచూసినా ఎవరూ వచ్చి తేల్చరు. ఆమెకు గాజుల కొట్టు మాట మళ్ళీ గుర్తు రాలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పామర్రు దాకా వాన వెంటే వచ్చింది. నాట్లకు దున్నిన చేలల్లో నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. పక్కన కూర్చున్నామె ఏ ఊరని అడిగింది. చెప్పింది. మీ ఆయనేం చేసేవాడని అడిగింది. అంకాలమ్మ కిటికీ వైపు తిరిగింది.

ఇంట్లో అన్నాలవుతున్నాయి. ఆమె గుమ్మంలోనే నిలబడి అంది. "అక్కా, గడ్డి తెప్పించమను."

పేరయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. హేమ ఏడుస్తూ వచ్చి కావలించుకుంది. "నాకోసమా పిన్నీ? నాకోసమైతే వద్దు. కంప్యూటర్ వత్తాడంది కదా!"

"దానికి తెలీదంటమ్మా" అంది అంకాలమ్మ. "ఎవరికీ తెలీదంట."

రెండు రోజులు పోయాక, పొద్దున, ఆటుకు నీళ్ళు వెనక్కి తీశాక, మగవాళ్ళు ఒడ్డున ఇసక మీద బొమ్మ కట్టడం మొదలుపెట్టారు. వరిగడ్డి మోపులు విప్పి, కాళ్ళు వేరుగా, మొండెం వేరుగా చుట్టి తాళ్ళతో బిగిస్తున్నారు. పేరయ్య మోకాళ్ళ మీద కూర్చుని ముళ్ళు వేస్తున్నాడు. వల ముళ్ళు వేసి అలవాటైన చేతులకు గడ్డి ముడి నిలవటం లేదు. ఆడవాళ్ళు ఎడంగా గుంపుగా నిలబడి, శోకాలు ఎత్తుకోవడానికి అంకాలమ్మ మొదలుపెడుతుందేమోనని చూస్తున్నారు.

ఆమె ఏడవలేదు. వాళ్ళలోంచి విడిపడి నడిచింది. మగవాళ్ళు పని చేస్తున్న చోటికి ఆడది పోకూడదు. నాగమల్లేశ్వరి వెనక నుంచి "అంకాలూ" అని పిలిచింది. ఆమె ఆగలేదు. బొమ్మ పక్కన నిలబడి చూసింది.

"అదేంటి, అంత పొట్టిగా కట్టారు?"

పేరయ్య తలెత్తాడు.

"ఆయన పొడుగు మనిషి. పక్కన నిలబడితే నా తల ఆయన భుజం దాకా వచ్చేది."

ఎవరూ కదల్లేదు. ఎంత పొడుగో మాటలతో వాళ్ళకు అందలేదని ఆమెకు అనిపించింది. మెల్లగా ఇసక మీద కూర్చుంది. బొమ్మ పాదాలకు తన పాదాలు సమంగా చేర్చుకుని, కొంగు సర్దుకుని, దాని పక్కన వెల్లకిలా పడుకుంది. ఆడవాళ్ళలో ఎవరో 'అమ్మో' అన్నారు. పేరయ్య చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపాడు. కట్టిన ముళ్ళు విప్పి, గడ్డి తీసుకుని, ఆమె తల ఎక్కడుందో చూసుకుంటూ, భుజాలు అక్కడికి వచ్చేలా మళ్ళీ కట్టాడు. దానిపైన తల కట్టాడు. గడ్డి పరకలు ఆమె చెంపకు తగులుతున్నాయి.

"చాలా?" అన్నాడు.

ఆమె పక్కకు తిరిగి చూసింది.

"ఇంకొంచెం" అంది.